పనికిరాని వైరే కదా అనుకున్నాం!

ఓ సోమవారం పొద్దున మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నాన్న ఛాతీ ఎక్స్‌రే వచ్చింది. నేను మెట్రోలో ఉన్నా. ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశా. ఎడమ భుజం కింద అగ్గిపెట్టెంత పెట్టె తెల్లగా మెరుస్తోంది. దాని దగ్గర్నుంచి గుండెలోకి వంపు తిరిగి దిగిన వైర్లు. లెక్కపెట్టా. మూడు.

'నాన్నా, నీ పేస్‌మేకర్‌కి రెండు వైర్లే కదా? మూడోదేంటి?' అని మెసేజ్ పెట్టా.

అమీర్‌పేట దాటాక రిప్లై వచ్చింది. 'అది డెడ్డు వైరమ్మా. కనెక్షన్ లేదు. ఊరికే ఉంది.'

మా నాన్న ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. కనెక్షన్ లేని వైరు గురించి ఆయనకి బెంగేముంటుంది? నాకూ లేదు. అప్పటికి నా బెంగంతా ఆ పెట్టె పైన చర్మం మీద లేచిన చిన్న ఎర్రటి మచ్చ గురించే.

కానీ తర్వాతి నెల రోజులూ మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది ఆ ఊరికే ఉన్న వైరే. ఈ వారం దాని కథ చెబుతా. మీ ఇంట్లో తాతయ్యకో, అమ్మమ్మకో, నాన్నకో పేస్‌మేకర్ ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి.

పెట్టె మారుతుంది, వైరు ఉండిపోతుంది

2011లో నాన్న డిపోలో పనిచేస్తూ ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోయారు. హార్ట్ బ్లాక్ అన్నారు. బ్లాక్ అనగానే మనకి గుర్తొచ్చేది రక్తనాళంలో కొవ్వు, స్టెంటు. ఇది వేరు. గుండె కొట్టుకోవాలంటే పై గదుల్లో పుట్టిన కరెంటు కింది గదులకి చేరాలి. నాన్న గుండెలో ఆ కరెంటు మధ్యదారిలో ఆగిపోతోంది. అందుకే పేస్‌మేకర్ పెట్టారు.

పేస్‌మేకర్ అంటే మనందరి ఊహలో పెట్టె మాత్రమే. పెట్టెలో బ్యాటరీ, చిన్న సర్క్యూటు ఉంటాయి. ఆ కరెంటుని గుండెకి మోసేది లీడ్. అంటే వైరు. సుమారు రెండు మిల్లీమీటర్ల మందం. లోపల లోహపు తీగ చుట్ట, పైన సిలికానో పాలీయూరిథేనో తొడుగు. కాలరు ఎముక కింద ఉన్న సిరలోంచి (వాడుకలో మనం నరం అంటాం) దాన్ని గుండె కుడి గదుల్లోకి దింపుతారు. కొన కదలకుండా కొన్నిటికి చిన్న స్క్రూ, కొన్నిటికి లంగరు కొక్కేల్లాంటి రెక్కలు ఉంటాయి. నాన్నకి పై గదిలో ఒకటి, కింది గదిలో ఒకటి వేశారు.

బ్యాటరీ ఏడెనిమిదేళ్ల నుంచి పది పన్నెండేళ్ల దాకా వస్తుంది. అది అయిపోతే రిమోట్‌లో సెల్లు మార్చినట్టు మార్చడం కుదరదు. సీలు వేసిన పెట్టె కాబట్టి పెట్టె మొత్తం మారుస్తారు. వైర్లు బాగుంటే వాటినే కొత్త పెట్టెకి తగిలిస్తారు.

2019లో నాన్నకి బ్యాటరీ మార్చే టైమొచ్చింది. చెక్ చేస్తే కింది గదిలో వైరు పాడైనట్టు తేలింది. కాలరు ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్య ఇరుక్కుని, చెయ్యి ఎత్తినప్పుడల్లా నలిగి, లోపల తీగ తెగింది. వైర్లు తెగే చోట్లలో అది బాగా పేరున్న చోటు. బస్సుల కింద చెయ్యి పైకెత్తి పనిచేసే మనిషికి అలా కాకపోతేనే ఆశ్చర్యం.

అప్పటి డాక్టర్ పక్కనుంచి ఇంకో కొత్త వైరు వేశారు. పాతదాని కొసకి టోపీ పెట్టి, పెట్టె పక్కనే చర్మం కింద చుట్టి పెట్టేశారు. ఆ సంగతి డిశ్చార్జి సమ్మరీలో ఒకే ఒక్క లైను. మాకెవరూ వివరించలేదు. మేమూ అడగలేదు. ఆపరేషన్ సక్సెస్ అన్నారు, స్వీట్లు పంచుకున్నాం.

పసుపు, ఆయింట్‌మెంటు, సిరంజి

ఈ ఏడాది మొదట్లో పెట్టె మీది చర్మం ఎర్రబడింది. తర్వాత ఆ చోట పల్చబడి నల్లగా మారింది. ఓ రోజు బనీనుకి చిన్న తడి మరక. అమ్మ పసుపు రాసింది. నాన్న 'చెమటపొక్కు' అన్నారు. తెనాలిలో మా వీధి చివర ఆర్‌ఎంపీ ఆయింట్‌మెంటు, అయిదు రోజుల యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. ఆరింది. పది రోజులకి మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలు. మళ్లీ ఆరింది.

మూడోసారి ఆయన 'లోపల చీము చేరినట్టుంది, సిరంజితో లాగేద్దాం' అన్నారట. అమ్మ ఫోన్ చేసి చెబితే, నా ఫ్రెండ్ ఒకమ్మాయి కార్డియాలజీలో పీజీ చేస్తోంది కదా అని దాన్ని అడిగా. అది ఫోన్లోనే అరిచినంత పని చేసింది. 'సూది పెట్టనివ్వకు! లోపల సూక్ష్మజీవులు లేకపోతే ఆ సూదే తీసుకెళ్తుంది. రేపే తీసుకొచ్చెయ్.'

ఆ తొందరలో తీయించిందే గ్రూపులోకొచ్చిన ఎక్స్‌రే.

అన్నయ్య, నేను కలిసి నాన్నని హైదరాబాద్ తీసుకొచ్చాం. గుండె లయ సమస్యలు చూసే స్పెషలిస్టులు వేరే ఉంటారని, వాళ్లని ఎలక్ట్రోఫిజియాలజిస్టులంటారని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన నాన్న చొక్కా పక్కకి జరిపి ఒక్క నిమిషం చూశారు. 'బాబాయ్ గారూ, ఇది పైపైన పుండు కాదు. పెట్టె ఇన్ఫెక్ట్ అయింది. మొత్తం తీసెయ్యాలి' అన్నారు.

'పెట్టెనా సార్?'

'పెట్టె, మూడు వైర్లు. అన్నీ.'

నాన్నకి ఇది నచ్చలేదు. 'పెట్టె దగ్గర పుండైతే గుండెలో ఉన్న వైరెందుకు తియ్యాలి సార్? బాగా పనిచేస్తున్నవి కూడానా?'

ఆయన ఓపిగ్గా చెప్పారు. సూక్ష్మజీవులు పెట్టెకీ వైరుకీ అంటుకుని వాటి చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. చెరువు గట్టు రాళ్ల మీద పాచి పట్టినట్టు. మాత్రలతో పైన తేలేవి చస్తాయి, పొర కింద ఉన్నవి బతుకుతాయి. అందుకే ఆరినట్టే ఆరి మళ్లీ వస్తుంది. అక్కణ్నుంచి వైరు వెంట పాకి రక్తంలోకి, గుండె కవాటం మీదికి చేరితే ప్రాణం మీదికొస్తుంది. పనిచేసే వైరా, పనిచెయ్యని వైరా అన్నది సూక్ష్మజీవికి అనవసరం. దానికి కావాల్సింది అతుక్కోడానికి ఓ చోటు.

ఇన్ఫెక్షన్ వస్తే మొత్తం తీసెయ్యాలన్నది ఒక్క డాక్టర్ అభిప్రాయం కాదు. అమెరికా హార్ట్ రిథమ్ సొసైటీ 2017 మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. అయినా ఆలస్యం చేసేది మా తెనాలి ఒక్కటే కాదని తర్వాత చదివి తెలుసుకున్నా. అమెరికాలో మెడికేర్ రోగుల రికార్డుల మీద 2023లో వచ్చిన అధ్యయనం చూస్తే, ఇలా ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో ఐదో వంతు మందికి కూడా నెల లోపల పరికరం తీయలేదు. మొదటి ఆరు రోజుల్లో తీయించుకున్నవాళ్లలో ఏడాది తిరిగేసరికి మరణాలు బాగా తక్కువ. మేం పసుపుతో, ఆయింట్‌మెంటుతో పోగొట్టిన నెలని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

లాగితే వచ్చేస్తుందిగా?

అన్నయ్యకి వచ్చిన డౌటే నాకూ వచ్చింది. సిరలోంచి లోపలికి తోసిన వైరు, అలాగే లాగితే రాదా?

కొత్తలో అయితే వస్తుంది. పెట్టిన ఏడాదిలోపు వైరు చాలాసార్లు మామూలుగా లాగితేనే వచ్చేస్తుంది. తర్వాత మన ఒంట్లో వేరే పని జరుగుతుంది. వైరు పరాయి వస్తువు కాబట్టి శరీరం దాని చుట్టూ మచ్చ కణజాలం అల్లుతుంది. సిర గోడకి, కవాటానికి, గుండె కండకి, పక్కనున్న వైరుకి కూడా అతికించేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అతుకు గట్టిపడి, కొన్నిచోట్ల సున్నం పేరుకుంటుంది. గోడ వారన వేసిన తాడు మీద మర్రి ఊడలు అల్లుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గట్టిగా లాగితే తాడుతో పాటు గోడ పెళ్లా ఊడొస్తుంది.

ఇక్కడ గోడంటే గుండెలోకి రక్తం తెచ్చే పెద్ద సిర. అది చిరిగితే నిమిషాల్లో ఛాతీ తెరిచి కుట్టాలి. అందుకే ఈ ఆపరేషన్ చేసే గదిలో గుండె సర్జన్ రెడీగా ఉండాలి, రక్తం బాటిళ్లు పక్కనే ఉండాలి.

పూర్వం ఇంకా విచిత్రంగా ఉండేదట. వైరు కొసకి చిన్న బరువు కట్టి, కప్పీ మీంచి మంచం పక్కన వేలాడదీసేవాళ్లు. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అలా మెల్లగా లాగుతూ ఉండాలి. కాలు విరిగినవాళ్లకి ఇటుకలు వేలాడదీస్తారు చూడండి, అచ్చం అలా.

ఇప్పుడు పద్ధతి మారింది. ముందు వైరు లోపలి బోలులోకి సన్నటి తీగ పంపి కొన దాకా తీసుకెళ్లి అక్కడ లాక్ చేస్తారు. దాంతో వైరు రబ్బరులా సాగకుండా, లాగిన బలం సరిగ్గా కొన దగ్గర పడుతుంది. తర్వాత వైరు మీదుగా ఓ గొట్టం తొడిగి లోపలికి నడుపుతారు. ఆ గొట్టం అంచున లేజరు ఉంటుంది, లేదా గుండ్రంగా తిరిగే చిన్న కత్తి ఉంటుంది. అది అతుకుల్ని ఒక్కొక్కటే విడదీసుకుంటూ పోతుంది. గుండె గోడ దాకా వెళ్లాక గొట్టంతో గోడని ఆనించి పట్టుకుని, కొనని విడిపిస్తారు.

డాక్టర్ లెక్కలు దాచలేదు. యూరప్‌లో 19 దేశాల్లో 3,555 మంది రోగుల మీద జరిగిన ఎలెక్ట్రా అనే పరిశీలన ఫలితాలు 2017లో వచ్చాయి. అందులో 96.7 శాతం మందికి ఆపరేషన్ సఫలమైంది. ఆపరేషన్ వల్ల పెద్ద సమస్యలు 1.7 శాతం మందికి వచ్చాయి. వాటితో చనిపోయినవాళ్లు 0.5 శాతం. వైరు వేసి పదేళ్లు దాటితే రిస్కు పెరుగుతుంది. ఇలాంటి ఆపరేషన్లు తక్కువగా చేసే ఆసుపత్రుల్లోనూ ఫలితాలు అంత బాగాలేవు.

'మీరెన్ని చేశారు సార్?' అని అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మ అడిగింది. ఆయన నవ్వి, 'అడగాల్సిన ప్రశ్నేనమ్మా' అని తన లెక్క, తన టీమ్ లెక్క చెప్పారు.

మరి 2019లో తప్పు జరిగిందా?

ఆ రాత్రి అన్నయ్య ఊగిపోయాడు. 'ఆరోజే ఆ పాత వైరు తీసేసుంటే ఇప్పుడు ఈ పద్నాలుగేళ్ల వైరు తలనొప్పి ఉండేదా?' మర్నాడు డాక్టర్ని అదే అడిగేశాడు. నేనూ ఆయన అవునంటారనే అనుకున్నా. అలా అనలేదు.

ఇన్ఫెక్షన్ లేకుండా ఊరికే పాడైన వైరు విషయంలో రెండు దారులున్నాయట. వదిలెయ్యొచ్చు, తీసెయ్యొచ్చు. రెండూ సబబే. వదిలేస్తే ఆ రోజుకి రిస్కు లేదు. చాలామందికి ఆ వైరు వల్ల జీవితాంతం ఏమీ కాదు. ఎనభై ఏళ్లు దాటిన పెద్దావిడకి తెగిన వైరు కోసం ఇంత ఆపరేషన్ చేయడం కన్నా టోపీ పెట్టి వదిలెయ్యడమే మేలని చాలామంది డాక్టర్లు అనుకుంటారు.

కానీ వదిలెయ్యడం ఉచితం కాదు. బిల్లు తర్వాతెప్పుడో వస్తుంది. ప్రతి ఏడాదీ వైరు ఇంకాస్త అతుక్కుంటుంది. సిరలో చోటు తగ్గుతుంది. నాన్నకి ఈ ముక్క చెప్పగానే అర్థమైంది. గోడలో వైరింగ్ పైపు ఉంటుంది కదా. పాత వైర్లు తీయకుండా కొత్తవి తోస్తూ పోతే ఓ రోజు ఆ పైపులో ఇంకేదీ పట్టదు. ఇక్కడా అంతే. ఒకవైపు సిరలో నాలుగుకి మించి వైర్లు వేయాల్సొచ్చే పరిస్థితి ఉంటే పాతవి తీయడమే మంచిదని అదే మార్గదర్శకాలు చెబుతాయి.

ఎమ్మారై స్కానింగ్ సంగతి కూడా ఉంది. ఇప్పటి పేస్‌మేకర్లు చాలావాటితో తగిన జాగ్రత్తలు తీసుకుని ఎమ్మారై చేయొచ్చు. లోపల వదిలేసిన వైరు ఉంటే మాత్రం, దాని కొస వేడెక్కుతుందన్న భయంతో చాలా స్కానింగ్ సెంటర్లు వెనక్కి పంపేస్తాయి. 2021లో వచ్చిన ఓ అమెరికా అధ్యయనంలో ఇలాంటి వైర్లున్న 139 మందికి 200 స్కాన్లు పెద్ద ప్రమాదమేమీ లేకుండా చేశారు. కాబట్టి ఎమ్మారై అసాధ్యమని కాదు. అనుభవమున్న సెంటర్ వెతుక్కోవాలి.

ఇంకోటి. పెట్టె మార్చడానికి, వైరు వేయడానికి మళ్లీ మళ్లీ కోసిన చోట ఇన్ఫెక్షన్ అవకాశం మొదటిసారి కన్నా ఎక్కువ. అలా వస్తే అప్పుడు తీయాల్సినవాటిలో ఆ వదిలేసిన పాత వైరు కూడా ఉంటుంది. మా నాన్న విషయంలో జరిగింది అదే.

ఓపీలో నా పక్కన ఓ అమ్మాయి కూర్చుంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. చెవుల్లో ఇయర్‌బడ్స్. వాళ్ల తాతయ్య కోసం వచ్చిందేమో అనుకున్నా. పేషెంటు తనే! పుట్టుకతోనే హార్ట్ బ్లాక్ ఉందట. పదకొండో ఏట పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు ఓ వైరు పాడైంది. ఇన్ఫెక్షనేమీ లేదు. అయినా కొత్తది వేసేటప్పుడే పాతది తీయించుకోవాలని తనే నిర్ణయించుకుంది.

'భయం లేదా?' అని అడిగా.

'ఎందుకుండదక్కా! కానీ నాకింకా యాభై ఏళ్లు ఈ సిరలతోనే పని. ఇప్పుడది పదమూడేళ్ల వైరు. నాకు నలభై ఏళ్లొచ్చేసరికి అది ముప్ఫై ఏళ్ల వైరవుతుంది. అప్పుడు తీయమంటే ఇంకా కష్టం కదా' అంది.

అదే వైరు, అదే సమస్య. ఎనభై ఏళ్ల మామ్మకి ఒక జవాబు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి ఇంకో జవాబు. 2019లో నాన్నకి అరవై రెండేళ్లు. ఆయన సరిగ్గా మధ్యలో ఉన్నారు. అప్పుడు వదిలెయ్యడం తప్పని నేను అనలేను. కానీ అది ఒక నిర్ణయం. మా ఇంటికి సంబంధించిన నిర్ణయం. మమ్మల్ని ఓ కుర్చీ వేసి కూర్చోబెట్టి ఈ రెండు దారులూ చెప్పాల్సింది. చెప్పలేదు. నా కోపమల్లా అక్కడే. సగం కోపం మా మీద కూడా, ఆ ఒక్క లైను చదవనందుకు.

ఆ ఆరు గంటలు

ఆపరేషన్ ముందు రాత్రి నిద్ర పట్టక ఫోన్లో ఏవేవో చదివా. ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్ ప్రపంచంలో మొదటిసారి పెట్టించుకున్నది ఆర్నె లార్సన్ అనే స్వీడన్ ఆయన. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో. ఆ మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. అప్పట్లో ఛాతీ తెరిచి గుండెకే వైరు కుట్టేవాళ్లు. ఆయన జీవితకాలంలో 26 పేస్‌మేకర్లు మార్చుకుని 86 ఏళ్లు బతికాడు. తనకి ఆపరేషన్ చేసిన సర్జన్ కన్నా, పరికరం తయారుచేసిన ఇంజినీరు కన్నా ఎక్కువ కాలం బతికి 2001లో పోయాడు. అదీ గుండెజబ్బుతో కాదు. ఆ కథ చదివాక కాస్త కన్నంటింది.

పొద్దున ఏడింటికి నాన్నని లోపలికి తీసుకెళ్లారు. ఆయన గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే నడుస్తోంది. ఉన్నవన్నీ తీసేస్తే కొట్టుకునేదెలా? అందుకని ముందు మెడ సిరలోంచి ఓ తాత్కాలిక వైరు దింపి, బయటి మెషీన్‌కి తగిలించారు. తర్వాతే అసలు పని.

తొమ్మిదిన్నరకి ఓ నర్సు వచ్చి 'రెండు వచ్చేశాయి' అని చెప్పి వెళ్లింది. పనిచేస్తున్న రెండూ వచ్చేశాయి. మిగిలింది డెడ్డు వైరు.

పది. పదిన్నర. పదకొండు. అమ్మ పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. అన్నయ్య క్యాంటీన్‌కని వెళ్లి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. సంతకం పెట్టిన కాగితం మీది 0.5 అనే అంకె నా కళ్ల ముందు అలాగే ఉంది. నూటికి అర. వినడానికి ఎంత చిన్నది! తలుపు బయట కూర్చున్నప్పుడు మాత్రం చిన్నగా అనిపించదు.

ఒంటిగంటకి డాక్టర్ మాస్కు దించుకుంటూ బయటికొచ్చారు. 'మొత్తం వచ్చేసింది.'

వైరు తెగిన చోటే చిక్కు వచ్చిందట. లోపలి తీగ విరిగిపోయి ఉండటంతో లాక్ చేసే తీగ అక్కణ్నుంచి ముందుకి పోలేదు. చివరికి తొడ సిరలోంచి ఉచ్చులాంటి పరికరం పంపి, గుండెలో ఉన్న భాగాన్ని పట్టుకుని కిందినుంచి లాగారు.

తర్వాత రెండు వారాలు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. రక్తంలో సూక్ష్మజీవులు లేవని పరీక్షల్లో తేలాక, ఈసారి కుడివైపు కొత్త పేస్‌మేకర్ పెట్టారు. అసలు వైర్లే లేకుండా గుండె లోపలే కూర్చునే చిన్న క్యాప్సూల్ లాంటి పేస్‌మేకర్లు కూడా వచ్చాయి. నాన్న దాని గురించి అడిగారు. 'అందరికీ అన్నిటికీ అది సరిపోదు బాబాయ్ గారూ, మీకు ఇదే మంచిది' అని కారణాలు చెప్పారు డాక్టర్. ఈసారి మేం అన్నీ అడిగాం. అన్నీ రాసుకున్నాం.

మీరు ఈ వారం చేయాల్సింది

ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే ఇవి చూడండి. అరగంట పని.

• పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు ఎక్కడుందో వెతకండి. పెట్టె మోడల్‌తో పాటు వైర్ల మోడల్, వేసిన తేదీ కూడా ఉన్నాయేమో చూడండి. ఫొటో తీసి మీ ఫోన్లో, ఇంకొకరి ఫోన్లో దాచండి.

• పాత డిశ్చార్జి సమ్మరీలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. లోపల వాడని వైరు ఏదైనా ఉందా అని తర్వాతి చెకప్‌లో అడగండి. ఛాతీ ఎక్స్‌రే ఉంటే వైర్లు లెక్కపెట్టండి.

• బ్యాటరీ మార్చాలన్నప్పుడు ముందే అడగండి: వైర్లు ఎలా ఉన్నాయి? ఏదైనా పాడైతే వదిలేస్తారా, తీస్తారా? ఎందుకు? తీయాల్సొస్తే ఈ ఆసుపత్రిలో చేస్తారా, ఎన్ని చేశారు, గుండె సర్జన్ అందుబాటులో ఉంటారా?

• పెట్టె మీద చర్మం ఎర్రబడినా, పల్చబడినా, తడి కనబడినా, కారణం తెలియని జ్వరం వదలకపోయినా పసుపు, ఆయింట్‌మెంటు వద్దు. సూది అసలే వద్దు. పేస్‌మేకర్ చూసే డాక్టర్ దగ్గరికి అదే వారంలో వెళ్లండి.

మా వరకు ఇదీ సంగతి. నాన్న ఇప్పుడు తెనాలిలో ఉన్నారు. మొన్న ఊరెళ్లినప్పుడు, డాక్టర్ నాకు పంపిన ఫొటో చూపించా. నీలం గుడ్డ మీద మూడు వైర్లు పరిచి తీసిన ఫొటో. రెండు వైర్లు కాస్త శుభ్రంగానే ఉన్నాయి. మూడోదానికి తెల్లటి కండ తొడుగులా పట్టేసి ఉంది.

నాన్న కళ్లజోడు సర్దుకుని, ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. 'ఇదిగో, ఇక్కడ తెగింది' అన్నారు, డిపోలో బస్సు వైరింగ్ చూసినట్టే. తర్వాత ఫోన్ నాకిచ్చేస్తూ అన్నారు.

'డెడ్డు వైరు వదిలెయ్యడం మేమూ చేసేవాళ్లమేనమ్మా. ప్రతిదీ పీకలేం. కానీ దాని కొసకి ఎర్ర టేపు చుట్టి వదిలేవాళ్లం. రేపు ఆ బస్సు కింద దూరేవాడికి తెలియాలి కదా!'

ఆ సాయంత్రమే నాన్న కొత్త కార్డు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పిన్ చేశా. కింద ఒక లైను రాశా: 'లోపల వైర్లు రెండు. రెండూ పనిచేస్తున్నాయి.'